ఎట్ల కట్టిండ్రో అడిగే సర్కారు... ఎక్కడ కట్టిండ్రో అడుగదా?

పొద్దుగాల సికింద్రాబాద్ స్టేషన్‌లో కాసేపు నిలబడి చూడుండ్రి. కాగజ్‌నగర్ దిక్కునుంచి, ఆదిలాబాద్ దిక్కునుంచి, డోర్నకల్ దిక్కునుంచి వచ్చిన బండ్లు ఖాళీ అయితుంటయి. కొలువుకు వచ్చినోళ్లు, చదువుకు వచ్చినోళ్లు బిరబిర బయటపడుతరు. వాళ్ల వెనుక మెల్లగ ఇంకో గుంపు దిగుతది. ఒక చేతిలో ఎక్స్‌రే కవరు, ఇంకో చేతిలో సద్ది గిన్నె. నడువలేని ముసలాయనను ఇద్దరు రెక్కలు పట్టుకొని దింపుతుంటరు. బయటికి వచ్చి ఆటో ఆయనను అడిగే మాట ఒక్కటే: "గాంధీ ఎటు దిక్కు అన్నా?"

పాత గాంధీ అయితే స్టేషన్‌కు ఎదురుంగనే ఉండె. 1851లో చిన్న వైద్యశాలగ మొదలై, తర్వాత కింగ్ ఎడ్వర్డ్ పేరు మోసి, 1958లో గాంధీ పేరు పెట్టుకున్న దవాఖాన అది. 2003లో ముషీరాబాద్ పాత జైలు జాగలో కట్టిన బిల్డింగులకు మారింది. జాగ మారినా రోగి తొవ్వ మారలేదు. ఆదిలాబాద్ నుంచి మూడు వందల కిలోమీటర్లు. రాత్రంత బండిలో కూసోని వస్తె తెల్లారి ఓపీ చీటీ కోసం లైన్ల నిలబడుడు. కూడ వచ్చినోళ్లకు పండుకునేటందుకు చెట్టుకింద జాగ దొరికితె అదే అదృష్టం.

ఈ మనిషి ఇంత దూరం రావాలని ఎవరు నిర్ణయించిండ్రు? ఎవ్వరూ నిర్ణయించలేదు, అదట్ల జరిగిపోయింది అంటరు. మేము ఒప్పుకోం. సికింద్రాబాద్‌లో, హైదరాబాద్‌లో లేచిన ప్రతి దవాఖాన ఒక సర్కారు సంతకం మీద లేచింది. ఆసిఫాబాద్‌లో లేవని ప్రతి దవాఖాన వెనుక ఒక సర్కారు మౌనం ఉన్నది. ఈ వారం మేము ఆ సంతకం గురించి, ఆ మౌనం గురించి మాట్లాడుతున్నం.

కాయితాల దండ

కొత్త దవాఖాన పెట్టాలంటే ఎన్ని కాయితాలు కావాలె? లెక్క పెట్టుండ్రి. బిల్డింగుకు మున్సిపాలిటీ అనుమతి. అగ్నిమాపక శాఖ నుంచి ఫైర్ ఎన్‌వోసీ. సూదులు, దూది, కోసిన అవయవాలు ఎక్కడ పారేస్తరో చెప్పేటందుకు కాలుష్య నియంత్రణ మండలి కాయితం. ఎక్స్‌రేకు, సీటీకి అణుశక్తి నియంత్రణ బోర్డు లైసెన్సు. స్కానింగ్ మిషన్ పెడితె 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్ట్రేషన్. లోపల మందుల దుకాణానికి డ్రగ్ లైసెన్సు. రక్తనిధి పెడితె దానికి వేరే లైసెన్సు. వీటన్నిటి మీద దవాఖానకే ఒక రిజిస్ట్రేషన్.

ఆ రిజిస్ట్రేషన్ కథ కూడ తెలుసుకోవాలె. ఉమ్మడి రాష్ట్రంలో ప్రైవేటు దవాఖానల రిజిస్ట్రేషన్ చట్టం 2002లో వచ్చింది. దాన్ని అమలు చేసే నిబంధనలు వచ్చింది 2007లో. అయిదేండ్లు చట్టం బీరువాలో పండుకున్నది. అంతల పట్నంలో కార్పొరేట్ దవాఖానలు పెరిగినయి, బిల్లులు పెరిగినయి. కేంద్రం 2010లో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం చేసింది. తర్వాత తెలంగాణ కూడ దాన్నే తీసుకున్నది. ఈ చట్టం కింద జిల్లా రిజిస్ట్రేషన్ అథారిటీకి కలెక్టర్ అధ్యక్షుడు. తాత్కాలిక రిజిస్ట్రేషన్‌కు అర్జీ పెట్టుకుంటె పది దినాలలో, ఏ విచారణ లేకుండ సర్టిఫికెట్ ఇయ్యాలె. అది ఏడాది పాటు చెల్లుతది. పర్మినెంట్ రిజిస్ట్రేషన్ అడిగితె ఆ దవాఖాన చూపించిన రుజువులను ముప్పై దినాలు జనం ముందర పెట్టాలె, అభ్యంతరాలు తీసుకోవాలె.

జనం ముందర పెట్టాలె అని చట్టంలోనే ఉన్నది! మీ ఊరి దవాఖాన కాయితాల మీద అభ్యంతరం చెప్పే హక్కు మీకున్నదని మీకు ఎవరన్న చెప్పిండ్రా? ఒక్కసారన్న దండోరా వేసిండ్రా? రేట్ల పట్టిక స్థానిక భాషలో, ఇంగ్లీషులో కనిపించేటట్టు పెట్టాలని నిబంధనలు చెప్తున్నయి. మీరు మొన్న పోయిన దవాఖాన గోడ మీద తెలుగులో రేట్ల బోర్డు చూసిండ్రా? మీరే చెప్పుండ్రి.

సరే. ఇన్ని కాయితాలల్ల సర్కారు ఏమడుగుతున్నది? మెట్లు ఎంత వెడల్పు? మంచాలెన్ని? డాక్టర్ల డిగ్రీలేవి? నీళ్ల ట్యాంకు ఎంత పెద్దది? చెత్త ఎవరు ఎత్తుకపోతరు? అన్నీ అడుగవలసిన ప్రశ్నలే. మేము కాదనం. కాని ఒక్క ప్రశ్న ఏ ఫారంలో లేదు: "ఈ దవాఖాన ఇక్కడనే ఎందుకు? ఇక్కడ లేని వైద్యం ఇది ఏమిస్తది? ఇది లేని జాగ ఏది?"

గోడలను కొలుస్తరు. అవసరాన్ని కొలువరు. అసలు రోగం అక్కడ ఉన్నది.

"ఎట్ల" అన్న ప్రశ్ననన్న సక్కగ అడుగుతున్నరా?

"ఎక్కడ" అని అడుగకపోతె మానె, "ఎట్ల" అన్నదన్న గట్టిగ అడుగుతున్నరా అంటె అదీ లేదు. సికింద్రాబాద్ గడ్డమీది అనుభవమే చెప్తం.

2025 జులైలో సికింద్రాబాద్‌లో ఒక సంతాన సాఫల్య కేంద్రం బాగోతం బయటపడ్డది. పిల్లలు లేని జంటకు సరోగసీ అని చెప్పి, లక్షలు తీసుకొని, వాళ్లకు సంబంధం లేని శిశువును చేతిలో పెట్టిండ్రన్నది కేసు. నేరం సంగతి కోర్టు తేలుస్తది. మేము అడిగేది వేరే ముచ్చట. ఆ కేంద్రానికి 2021 నుంచే లైసెన్సు లేదని పోలీసులు చెప్పిండ్రు. అంటె ఏంది? నాలుగేండ్లు లైసెన్సు లేని బోర్డు కింద నుంచి ఎంతమంది అధికారులు నడిచి పోయిండ్రు? 2021లోనే దేశంలో సరోగసీకి ఒక చట్టం, కృత్రిమ గర్భధారణకు ఇంకో చట్టం వచ్చినయి. చట్టాలు రెండైనయి, చూసే కన్ను ఒక్కటి లేకపాయె.

ఫైర్ సంగతి చూద్దాం. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక హోటల్ కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి పైన లాడ్జిలో ఉన్న ఎనిమిది మంది చనిపోయిండ్రు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచి ఆరుగురు చనిపోయిండ్రు. చనిపోయినోళ్లు కొలువు కోసం జిల్లాల నుంచి పట్నం వచ్చిన చిన్న వయసు పిల్లలు. అవి దవాఖానలు కావు, నిజమే. కాని దవాఖానకు ఫైర్ ఎన్‌వోసీ ఇచ్చేది కూడ అదే శాఖ, బిల్డింగుకు అనుమతి ఇచ్చేది కూడ అదే మున్సిపాలిటీ. 2011 డిసెంబర్‌లో కోల్‌కతాలో ఒక పెద్ద ప్రైవేటు దవాఖాన తగలబడితె తొంభై మంది దాకా ఊపిరాడక పోయిండ్రు. మంటలు మొదలైంది సెల్లార్‌లో. మన సికింద్రాబాద్‌లో ఎన్ని దవాఖానల సెల్లార్లు పార్కింగ్‌కు ఉన్నయి, ఎన్ని సెల్లార్లలో ల్యాబులు, స్టోర్లు నడుస్తున్నయి? కాయితం మీద అన్నీ పార్కింగులే!

"ఎక్కడ" అన్న ప్రశ్న మన ప్రశ్న

ఉద్యోగ మిత్రులారా, ఈ "ఎక్కడ" అన్న మాట మీకు కొత్తది కాదు. తెలంగాణ ఉద్యమం పుట్టిందే ఆ మాట మీద. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో అడిగింది "ఎక్కడి పైసలు ఎక్కడ ఖర్చు పెడుతరు" అనే. 1969లో పిల్లలు రోడ్ల మీదికి వచ్చి అడిగింది "ఎక్కడి కొలువు ఎవరికి" అనే. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులలో జోన్లు గీసింది ఆ ప్రశ్నకు జవాబు చెప్పేటందుకే. ఆ జవాబును తుంగల తొక్కితె 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. పోస్టు ఏ జోన్‌ది, మనిషి ఏ జోన్‌ వాడు అని లెక్క తీసుడే ఆ జీవో సారం. ఆ జీవోను అమలు చేయుమని ఎంత కాలం కొట్లాడినమో మనకు తెలుసు.

క్లర్కు పోస్టుకు "ఎక్కడ" అని అడిగినం. టీచర్ పోస్టుకు అడిగినం. నీళ్లకు అడిగినం. మరి ప్రాణం నిలబెట్టే మంచానికి ఆ ప్రశ్న ఎందుకు అడుగలేదు?

ఉమ్మడి రాష్ట్రంలో జరిగింది గుర్తు చేసుకోండి. వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజి 1959లో వచ్చింది. దాని తర్వాత హైదరాబాద్ బయట తెలంగాణలో కొత్తగ సర్కారు మెడికల్ కాలేజి మొదలైంది ఆదిలాబాద్‌లో, 2008లో. నడుమ నలభై తొమ్మిది ఏండ్లు! ఒక తరం పుట్టి, చదివి, పెండ్లిండ్లు చేసుకొని, మనుమలను ఎత్తుకునేంత కాలం. మహబూబ్‌నగర్‌కు లేదు. నల్లగొండకు లేదు. ఖమ్మంకు లేదు, కరీంనగర్‌కు లేదు. ఆ నడుమల వచ్చినవి ప్రైవేటు కాలేజిలే. రాష్ట్రం వచ్చిననాడు తెలంగాణ మొత్తంల సర్కారు మెడికల్ కాలేజిలు అయిదు. ఉస్మానియా, గాంధీ, కాకతీయ, ఆదిలాబాద్, నిజామాబాద్.

మరి ఆ కాలంలో అవసరం చూసే కాయితమే లేకుండెనా? ఉండె! మెడికల్ కాలేజి పెట్టాలంటె రాష్ట్ర సర్కారు ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ ఇయ్యాలె. అంటె "ఈ కాలేజి అవసరమే" అని సర్కారు రాసి ఇచ్చే కాయితం. 1999 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలలో ఆ ఫారం ఉన్నది. రాష్ట్రంలో ఎన్ని కాలేజిలున్నయి, ఎన్ని సీట్లున్నయి, ఎందరు డాక్టర్లు రిజిస్టర్ అయిండ్రు, పల్లెల్లో డాక్టరు పోస్టులు ఎన్ని ఖాళీ, జనాభాకు డాక్టర్ల నిష్పత్తి ఎంత అని దాంట్లో నింపాలె. మంచి ప్రశ్నలే. కాని కిటుకు ఎక్కడున్నది? ప్రతి లెక్క "రాష్ట్రంలో" అనే. రాష్ట్రం మొత్తం కలిపి కొడితె వచ్చే సగటు. గుంటూరు, విశాఖ, పట్నం లెక్కలు కలిపితె పాలమూరు గోస కనిపిస్తదా? ఒకని కాలు నిప్పుల కుంపటిలో పెట్టి, తల మంచుగడ్డ మీద పెట్టి, సగటున మంచిగనే ఉన్నడన్నట్టు!

సగటు లెక్కతో మనలను అరువై ఏండ్లు మోసం చేసిండ్రని మనం ఊరూరా చెప్పినం. సగటును పగులగొట్టేటందుకే రాష్ట్రం తెచ్చుకున్నం.

మన రాష్ట్రంలో మన సగటు

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఇగ ఆంధ్రా పాలకుల మీద నెట్టేసే సాకు చెల్లదు. మన సర్కార్లు ఏం చేసినయో మనమే నిలదీయాలె.

మంచి జరిగితె మంచి అనే చెప్తం. పది జిల్లాలు 2016లో ముప్పై ఒకటైనయి, 2019లో ముప్పై మూడైనయి. మహబూబ్‌నగర్‌కు 2016లో, సిద్దిపేటకు 2018లో, నల్లగొండ, సూర్యాపేటలకు 2019లో మెడికల్ కాలేజిలు వచ్చినయి. 2022 నుంచి ఏటేటా మరికొన్ని. సర్కారు కాలేజిలు 34 దాకా చేరినయి. నలభై తొమ్మిది ఏండ్లు తలుపు మూసుకున్న చోట ఇది చిన్న సంగతి కాదు.

కాని కాలేజి అంటె బోర్డు కాదు, మనుషులు. 2025లో జాతీయ మెడికల్ కమిషన్ మన సర్కారు కాలేజిలల్ల చాలా వాటికి ప్రొఫెసర్లు తక్కువున్నరని, సౌలతులు సరిపోవని నోటీసులు ఇచ్చింది. అనుమతి వచ్చింది, బోర్డు లేచింది, డాక్టరు మాత్రం సికింద్రాబాద్‌లనే ఉన్నడు. రోగి ఏం చేస్తడు? మల్ల రైలు ఎక్కుతడు.

ఇగ పెద్ద దవాఖానల సంగతి. 2022 ఏప్రిల్ 26న మూడు టిమ్స్ దవాఖానలకు శంకుస్థాపన చేసిండ్రు. ఎక్కడెక్కడ? సనత్‌నగర్, ఎల్బీనగర్, అల్వాల్. మూడూ పట్నమే. 2023లో నిమ్స్ విస్తరణకు రాయి వేసిండ్రు. పట్నమే. 2025 జనవరి 31న ఉస్మానియా కొత్త బిల్డింగుకు గోషామహల్‌లో రాయి వేసిండ్రు. అదీ పట్నమే. 2021లో వరంగల్ పాత జైలు జాగలో మొదలుపెట్టిన సూపర్ స్పెషాలిటీ ఒక్కటి ఈ వరుసల వేరే తొవ్వ పట్టింది. ఉస్మానియా కూలిపోయే దాకా వచ్చింది, కొత్తది కావాలె. అల్వాల్‌ ప్రజలకూ దవాఖాన కావాలె. మేము ఒక్క ఇటుకకు అడ్డం లేము. కాని రాయి వేసే ముందట "రాష్ట్రంలో ఏ జిల్లాకు ఎన్ని మంచాలున్నయి, ఇంకెన్ని కావాలె" అన్న లెక్క జనం ముందర పెట్టిండ్రా? పార్టీలు మారినయి. రాయి పడే జాగ మారలేదు.

అటు ఢిల్లీ కూడ సగటు పిచ్చిలనే ఉన్నది. 2023 ఆగస్టులో జాతీయ మెడికల్ కమిషన్ ఒక నిబంధన తెచ్చింది. రాష్ట్రంలో పది లక్షల జనాభాకు వంద ఎంబీబీఎస్ సీట్ల లెక్క దాటితె కొత్త కాలేజి, కొత్త సీట్లు ఉండవు అన్నది. దక్షిణాది రాష్ట్రాలు మొత్తుకుంటె అమలును వాయిదా వేసింది. చూసిండ్రా? పట్నం చుట్టూత ప్రైవేటు కాలేజిలు కట్టినయి. ఆ సీట్లను చూపెట్టి ములుగుకు, నారాయణపేటకు "మీ రాష్ట్రం కోటా అయిపోయింది పోండి" అంటరు. అవసరం లెక్క తీసుడు మంచిదే. కాని ఏ గీత లోపట లెక్క తీస్తరన్న దాంట్లనే న్యాయం, అన్యాయం రెండూ ఉన్నయి.

పట్నంల ఎక్కువైతె ఏమైతది?

"పట్నంల ఎక్కువుంటె మీకేం నష్టం? పోటీ పెరిగి రేట్లు తగ్గుతయి గద" అనేటోళ్లున్నరు. కూరగాయల అంగడిలో అట్లనే అయితదేమో. దవాఖానలో కాదు. టమాట కొనాల్నా వద్దా అని కొనేటోడు చెప్తడు. ఆపరేషన్ కావాల్నా వద్దా అని చెప్పేది అమ్మేటోడే! మిల్టన్ రోమర్ అనే అమెరికా ప్రజారోగ్య పండితుడు అరువై ఏండ్ల కిందనే ఈ ముచ్చట చెప్పిండు. మంచం వేసినంక అది ఖాళీగ ఉండది, ఎవరినో ఒకరిని పండుకోబెట్టి నింపుతరని ఆయన లెక్క.

మన దగ్గర సాక్ష్యం కావాల్నా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీయుండ్రి. తెలంగాణలో వంద కాన్పులు అయితె 60 మందికి పైగ తల్లులకు కడుపు కోసిండ్రు. దేశంలోనే మొదటి స్థానం! ప్రైవేటు దవాఖానలల్ల అయితె వందకు 81. ఇన్ని కోతలు మన తల్లుల శరీరాలకు అవసరమై వచ్చినయా, మంచాలకు అవసరమై వచ్చినయా? ఒక దిక్కు పట్నంల, టౌన్లల్ల అక్కరలేని కోత. ఇంకో దిక్కు ఏజెన్సీల వాగు పొంగితె గర్భిణిని జెట్టీ కట్టి మోసుకొచ్చుడు. ఒకే రాష్ట్రం, ఒకే చట్టం.

ఇంకో చేదు ముచ్చట. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది ఇక్కడనే, మన సికింద్రాబాద్‌లనే, 1897 ఆగస్టు 20న. ప్రపంచానికి జరం కిటుకు చెప్పిన గడ్డ ఇది. నూటపాతికేండ్లు దాటినంక కూడ వానకాలం వస్తె మన గోండు, కోయ గూడేలు జరంతో మూలుగుతనే ఉన్నయి. జ్ఞానం సికింద్రాబాద్‌ల పుట్టింది, మంచం కూడ సికింద్రాబాద్‌లనే ఉన్నది. జరం మాత్రం ఉట్నూరుల, ఏటూరునాగారంల.

"లైసెన్స్ రాజ్" అని బెదిరిస్తె బెదరం

ఇగ పెద్ద అభ్యంతరం. "మీరు అడిగినట్టు అవసరం లెక్క పెడితె ఇంకో కాయితం, ఇంకో టేబుల్, ఇంకో లంచం. మల్ల లైసెన్స్ రాజ్ తెస్తరా?" ఈ మాటను మేము కొట్టిపారేయం. దీంట్లో నిజం ఉన్నది.

అమెరికాలో ఈ పని చేసి చూసిండ్రు. న్యూయార్క్ రాష్ట్రం 1964లో చట్టం తెచ్చింది. కొత్త దవాఖాన కట్టాలన్నా, పెద్ద మిషన్ కొనాలన్నా "ఇది ఇక్కడ అవసరం" అని రుజువు చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలె. 1974లో కేంద్ర చట్టం చేసి దాదాపు అన్ని రాష్ట్రాలను అదే తొవ్వకు తెచ్చిండ్రు. 1986లో ఆ కేంద్ర చట్టాన్ని రద్దు చేసుకున్నరు. అయినా సగానికి ఎక్కువ రాష్ట్రాలలో ఏదో ఒక రూపంలో అది నడుస్తనే ఉన్నది. అక్కడ ఏమైంది? చాలా చోట్ల పాత దవాఖానల యజమానులే విచారణలకు వచ్చి "కొత్తది అక్కరలేదు, మేమున్నం" అని అడ్డం పడ్డరు. జనం అవసరం కోసం పెట్టిన కాయితం పాత సేట్ల గల్లాపెట్టెకు తాళమైంది. ఖర్చు తగ్గిందన్న రుజువు కూడ గట్టిగ దొరుకలేదు.

ఆ తప్పు మనం చేయొద్దు. ఆసిఫాబాద్‌లో ఒక డాక్టరమ్మ సొంత పైసలతో ఇరువై మంచాల దవాఖాన పెడుతనంటె ఆమెను "అవసరం రుజువు చేయి" అని ఆఫీసుల చుట్టూ తిప్పుడు పాపం. ఆమెకు ఎర్రతివాచీ పరచాలె. మేము ప్రశ్న అడుగుమనేది ఆమెను కాదు. జనం సొమ్ము ముట్టుకునేటోళ్లను.

జనం సొమ్ము ఎక్కడెక్కడ పోతున్నది? సర్కారు జాగ అగ్గువకు ఇచ్చేకాడ. మెడికల్ సీట్లు ఇచ్చేకాడ. ఆరోగ్యశ్రీ బిల్లులు కట్టేకాడ. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టిన మూడు జిల్లాలలో మన మహబూబ్‌నగర్ ఒకటి. వలసల జిల్లా అని ముందుగాల అక్కడ పెట్టిండ్రు, మంచిదే. కాని కార్డు పాలమూరుల ఇచ్చి, ఆపరేషన్ పట్నంల చేసిండ్రు. పైసలు కూడ పట్నంలనే పడ్డయి. 2023 డిసెంబర్‌లో పరిమితిని పది లక్షలకు పెంచిండ్రు. కార్డు బరువు పెరిగింది, తొవ్వ దూరం మాత్రం తగ్గలేదు. ఆ పైసలల్ల ఒక వంతు "జిల్లాలో మంచం వేసినోనికే" అని షరతు పెట్టి ఉంటె ఇన్నేండ్లల్ల ఎన్ని దవాఖానలు లేచేటివి?

"డాక్టర్లు జిల్లాలకు పోరు" అనేది ఇంకో పాట. ఎందుకు పోతరు? ఇల్లు లేదు, నర్సు లేదు, మత్తు డాక్టర్ లేడు, పిల్లలకు బడి లేదు. సర్జన్ ఒక్కన్నే పంపి కత్తి చేతిలో పెట్టి ఆపరేషన్ చేయుమంటె ఎట్ల చేస్తడు? ఉద్యమ కాలంలో ఇదే గాంధీ, ఉస్మానియా డాక్టర్లు జెండా పట్టి మనతోని నడిచిండ్రు. వాళ్లు జిల్లాకు రారని కాదు. రమ్మన్న చోట దవాఖాన ఉండాలె.

చేతగాక కాదు, మనసు లేక

సర్కారుకు అధికారం లేదని అనుకునేరు. 2020 గుర్తు తెచ్చుకోండి. కరోనా వచ్చిననాడు పెద్ద పెద్ద ప్రైవేటు దవాఖానలు అడ్వాన్సులు అడుగుతుంటె మన గాంధీ దవాఖాన ఒంటి చేతితో రాష్ట్రాన్ని మోసింది. అప్పుడు జనం లొల్లి చేస్తె, పత్రికలు రాస్తె, జూన్‌లో సర్కారు రేట్లు కట్టింది. మామూలు ఐసోలేషన్‌కు రోజుకు 4 వేలు, ఐసీయూకు 7,500, వెంటిలేటర్ పెడితె 9 వేలు. ఆగస్టులో బిల్లుల ఫిర్యాదుల మీద రెండు ప్రైవేటు దవాఖానలకు కొవిడ్ వైద్యం చేసే అనుమతి తీసేసింది. అదే చట్టం, అదే అధికారులు, అదే కలం. జనం గొంతు లేస్తె కలం కదిలింది. గొంతు తగ్గంగనే కలం మూత పడ్డది.

అందుకే మా డిమాండ్లు సూటిగ చెప్తున్నం.

ఒకటి. జిల్లాల వారీగ, మండలాల వారీగ మంచాల పటం తయారు చేయాలె. సర్కారుయి ఎన్ని, ప్రైవేటుయి ఎన్ని, ఐసీయూ ఎన్ని, డయాలసిస్ మిషన్లు ఎన్ని, ఏ డాక్టర్లు లేరు. ఏటేటా తెలుగులో, ఉర్దూలో అచ్చేసి ప్రతి గ్రామ పంచాయతీ గోడకు అతికించాలె. సగటు మాకొద్దు, మా మండలం లెక్క కావాలె.

రెండు. సర్కారు జాగ, సర్కారు రాయితీ, కొత్త మెడికల్ సీట్లు, ఆరోగ్యశ్రీ ఒప్పందం — ఈ నాలుగింట్ల ఏది ఇచ్చినా ఆ పటం చూసి ఇయ్యాలె. పట్నంల తీసుకునేటోడు జిల్లాలో కూడ మంచాలు వేయాలె. వేయకుంటె ఇచ్చింది వాపసు తీసుకోవాలె.

మూడు. ఆ ప్రశ్నను మొదట సర్కారు తనను తాను అడుగాలె. ఇగముందు ఏ పెద్ద దవాఖానకు రాయి వేసినా "ఇక్కడనే ఎందుకు" అన్న జవాబు ముందుగాల శాసనసభలో పెట్టాలె.

నాలుగు. అవసరం లెక్క మీద విచారణ జరిగితె పోటీ దవాఖానలకు అడ్డం చెప్పే హక్కు ఉండొద్దు. ఆ కుర్చీలు ఆశ వర్కర్లవి, గ్రామ పంచాయతీలవి, రోగులవి. వెనుకబడ్డ మండలంలో చిన్న దవాఖాన పెట్టేటోనికి అన్ని కాయితాలు ఒక్క కిటికీలో, గడువు లోపట ఇయ్యాలె.

అయిదు. పర్మినెంట్ రిజిస్ట్రేషన్‌కు ముప్పై దినాల అభ్యంతరాల నోటీసు వెబ్‌సైట్‌ మూలకు కాదు, ఆ దవాఖాన గేటుకు, మండలాఫీసుకు అంటించాలె. లైసెన్సు పోయిన దవాఖాన పేరు కూడ అదే గేటుకు ఎర్రసిరాతో రాయాలె.

విద్యార్థి తమ్ములారా, చెల్లెలారా! మెడికల్ కాలేజిలల్ల చదువుతున్నోళ్లు మీ జిల్లాల మంచాల లెక్క తీయుండ్రి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మీ చేతిలో ఉన్నది. అర్జీ పెట్టేటందుకు పది రూపాయలు చాలు. ఉద్యోగ మిత్రులారా! 610 జీవో కోసం సర్వీసు రిజిస్టర్లు తిరగేసి లెక్కలు తీసింది మీరే. ఆ చేతులతోనే డీఎంహెచ్‌వో ఆఫీసుల రిజిస్ట్రేషన్ ఫైళ్లు అడుగుండ్రి. మీ జిల్లాల ఎన్ని దవాఖానలకు తాత్కాలిక కాయితమే ఉన్నది, ఎన్నిటికి అసలు లేదు అన్నది తేల్చుండ్రి. ఆ లెక్కలు మాకు పంపుండ్రి, అచ్చేస్తం.

రేపు పొద్దుగాల కూడ సికింద్రాబాద్ స్టేషన్‌ల ఆ బండ్లు ఆగుతయి. ఎక్స్‌రే కవరు పట్టుకున్న మనిషి మల్ల దిగుతడు. "గాంధీ ఎటు దిక్కు?" అని అడుగుతడు. ఆయనకు తొవ్వ చూపెట్టుండ్రి. ఆయనను గాడిదాక రప్పించిన సర్కారును మాత్రం నిలదీయుండ్రి: మా దవాఖాన ఎటు దిక్కు?

జై తెలంగాణ!